హాస్టల్లో కరెంట్ ఆదా చేయించడం ఎట్లా? పోస్టర్లు అంటించాం, ఎవ్వరూ పట్టించుకోవట్లేదు

రూమ్ 214:
అందరికీ నమస్తే. నేను సీమలో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫైనలియర్, యూనివర్సిటీ పేరు ఇక్కడ వద్దులెండి. ఈ ఏడు నన్ను హాస్టల్ కమిటీలో వేశారు. కరెంట్ బిల్లు బాగా ఎక్కువొస్తా ఉంది, ఇట్లే ఉంటే వచ్చే ఏడు హాస్టల్ ఫీజు పెంచాల్సి వస్తుందని సర్క్యులర్ అంటించినారు. మాకు అది చిన్న విషయం కాదు, మా దాంట్లో చాలామంది రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్లు, మెస్ బిల్లు కట్టడానికే ఇంట్లో అప్పు చేసేవాళ్లు ఉండారు.

డిసెంబర్ 14 జాతీయ ఇంధన పొదుపు దినం కదా, ఆ రోజు పోస్టర్లు అంటించాం, ప్రతిజ్ఞ చేయించాం, అందరూ ఫోటోలు దిగినారు, అయిపాయ. మరుసటి రోజు పొద్దున క్లాసులు మొదలయ్యాక కారిడార్‌లో నడుస్తా పోతే తాళాలేసిన రూముల్లో ఫ్యాన్లు తిరుగుతానే ఉన్నాయి, తలుపు మీదుండే వెంటిలేటర్‌లోంచి ఆ గరగర చప్పుడు వినిపిస్తా ఉంది. బాత్రూముల కాడ ట్యూబులు పట్టపగలు వెలుగుతా ఉన్నాయి, కింద ట్యాంకు నిండి నీళ్లు కారిపోతా ఉంటే మోటర్ కట్టేసే దిక్కు లేదు.

వీళ్లెవరూ చెడ్డోళ్లు కాదప్పా. ఇదే పిల్లోడు ఇంటికి పోతే నాయన తిడతాడని బయటికి పోయేముందు అన్నీ ఆపేసి పోతాడు. హాస్టల్లో ఎందుకు చేయడు? నిజంగా మీ క్యాంపస్‌లో ఏదన్నా చేసి చూసినవాళ్లుంటే చెప్పండి, ఏది పనిచేసింది ఏది పనిచేయలేదు రెండూ చెప్పండి.

ఓరుగల్లు పోరడు:
అన్నా మా దగ్గర గూడ గిట్లనే ఉంటది. మా సీనియర్లు ఉన్నప్పుడు ఫైన్ పెట్టిన్రు, రూమ్‌ల ఎవ్వరు లేకుండ ఫ్యాన్ తిరిగితే ఫైన్ అని. ఏమైందో తెల్సా, వాచ్‌మెన్ రౌండ్‌కి వచ్చే టైముకి అందరు బంద్ చేస్తరు, ఆయన పోంగనే మళ్ల షురూ. మీదికెళ్లి రూమ్మేట్ల నడుమ లొల్లి, లాస్ట్‌కి పోయింది నువ్వంటే నువ్వని. ఇంకోటి, ఫైన్ కట్టినోడు ఏమనుకుంటడంటే పైసలు కట్టిన కద ఇగ నా ఇష్టం అనుకుంటడు. అదొక్కటి మాత్రం పెట్టకు.

నిలదీద్దాం:
ముందు ఒక మాట అడుగుతాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. పొదుపు అనగానే స్టూడెంట్లే ఎందుకు గుర్తొస్తారు? పిల్లోడి దగ్గర ఉన్నది ఒక ఫ్యాను, ఒక ట్యూబ్‌లైటు, ఒక ఛార్జరు. ఆఫీసు బ్లాకుల్లో చూడండి, ఏసీ 18లో పెట్టి ఉంటుంది, మనిషి మీటింగ్‌కి పోయుంటాడు, తలుపు బార్లా తీసుంటుంది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్లు 2020 జనవరి నుంచి కొత్త రూమ్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని రూల్ తెచ్చారు, ఒక డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంట్ మిగులుతుందని కూడా చెప్తారు. మామూలు ఏసీలో 18 పెడితే గది తొందరగా చల్లబడుతుందనుకుంటారు, అదేం లేదు, కంప్రెసర్ అదే స్పీడులో తిరుగుతుంది, కాకపోతే ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది అంతే. ముందు అక్కడ మొదలుపెట్టమనండి, అప్పుడు పిల్లలు మన మాట వింటారు.

రూమ్ 214:
అన్నా మీరు చెప్పింది నిజమే, మా వాళ్లు కూడా ఇదే అడుగుతా ఉన్నారు. కానీ ఫీజు పెరిగేది మాకు కదా, వాళ్లు చేసేదాకా మేము ఆగితే నష్టం మాకే.

లైన్‌మ్యాన్ బాబాయ్:
నాయనా 214, నేను కరెంటు డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయినవాణ్ణి, మాది గోదావరి జిల్లా. మీరందరూ ఫ్యాను ఏసీ అంటున్నారు గానీ అసలు బిల్లు కాగితం ఎవరైనా చేతిలోకి తీసుకుని చూశారా? ముందు ఆ పని చెయ్యి. యూనివర్సిటీ అంటే హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉంటది, మన ఇంటి బిల్లులా ఉండదు. ఇన్ని యూనిట్లు కాల్చారు అన్నది ఒక భాగం, డిమాండ్ ఛార్జీ అని ఇంకో భాగం. నెల మొత్తం మీద ఏదో ఒక్క కాసేపు లోడు ఎంత పైకి పోయిందో మీటరు పట్టేసి ఉంచుకుంటది. ఆ గరిష్ఠం గానీ, మీరు డిస్కంతో, అంటే కరెంటు కంపెనీతో, రాసుకున్న ఒప్పందపు లోడులో 80 శాతం గానీ, ఏది ఎక్కువైతే దానికి కేవీఏ (లోడుని కొలిచే లెక్క) చొప్పున కట్టాలి. ఒప్పందం దాటితే ఆ పైదానికి ఇంకా ఎక్కువ రేటు.

ఇప్పుడు చలికాలం పొద్దున్నే సంగతి ఆలోచించు. ఆరున్నరకీ ఏడున్నరకీ మధ్య వంద గదుల్లో వేణ్ణీళ్ల రాడ్లు పెట్టారనుకో, ఒక్కో రాడ్డు 1500 వాట్లు, అంటే 150 కిలోవాట్లు ఒక్కసారిగా ఎక్కేసినట్టు. అదే టైముకి మోటర్లు కూడా ఆన్ చేస్తారు, మెస్‌లో గ్రైండర్లు తిరుగుతుంటాయి. ఆ ఒక్క గంట చేసిన నిర్వాకానికి నెలంతా డిమాండ్ ఛార్జీ కడతారు. ట్యాంకులు రాత్రి పడుకునేముందే నింపేసుకుంటే రూపాయి ఖర్చు లేకుండా అక్కడ కొంత దిగుతుంది. ఇది పిల్లల అలవాటు కూడా కాదు, పంపు ఆపరేటర్‌తో కూర్చుని మాట్లాడితే అయ్యే పని.

సాగరతీరం గర్ల్స్ హాస్టల్:
బాబాయ్ గారూ రాడ్ల గురించి కరెక్ట్‌గా చెప్పారు, కానీ అమ్మాయిలు రాడ్డు ఎందుకు కొనుక్కుంటారో కూడా చెప్పాలండి. మా హాస్టల్ మేడ మీద సోలార్ వాటర్ హీటర్లు ఉన్నాయి, పెట్టినప్పుడు బాగానే వచ్చేవంట వేణ్ణీళ్లు. బోరు నీళ్లకి ట్యూబుల్లో ఉప్పు పేరుకుపోయింది, కొన్ని ట్యూబులు పగిలిపోయాయి, మార్చిన నాథుడు లేడు. ఇప్పుడు ఐదున్నరకి లేచిన మొదటి బ్యాచ్‌కి వేడినీళ్లు వస్తాయి, తర్వాత చివరి బాత్రూముల్లో ట్యాప్ తిప్పి చన్నీళ్లు బకెట్లకి బకెట్లు పారబోస్తే గానీ గోరువెచ్చగా రావు. ఆ పారబోసిన నీళ్లు కూడా మళ్లీ మోటర్ ఎక్కించినవే కదా.

రాడ్డు నిషేధం అని బోర్డు ఉంది. నిషేధం కాబట్టి దాచిపెట్టి వాడతారు, మంచం కింద బకెట్ పెట్టి, ఎవరైనా వస్తున్నారంటే తలుపేసి బయటికొచ్చి నిలబడతారు, లోపల రాడ్డు నడుస్తూనే ఉంటుంది. ప్లాస్టిక్ బకెట్, తడి నేల, వైరు అతుకులు. నాకు బిల్లు కన్నా అదే భయమండి, ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో షాక్ కొడుతుంది. బకెట్ నీళ్లు స్నానానికి సరిపడా కాగడానికి పావుగంట చాలు, కానీ మర్చిపోయి నలభై నిమిషాలు వదిలేస్తే ఒక పూర్తి యూనిట్ అయిపోతుంది.

అందుకే అంటున్నాను, ఆ సోలార్ బాగుచేయిస్తే మీరు ఏ పోస్టరూ అంటించక్కర్లేదు, రాడ్లు వాటంతటవే మూలన పడతాయి. అలవాటు మార్చుకోండి అని చెప్పేముందు ఆ అలవాటు ఎందుకు వచ్చిందో అడగాలి కదా.

లైన్‌మ్యాన్ బాబాయ్:
బాగా చెప్పావమ్మా. ఆ పేరుకున్న ఉప్పుని డీస్కేలింగ్ చేసేవాళ్లుంటారు, పెద్ద ఖర్చు కాదు. ట్యూబులు విడిగా కూడా దొరుకుతాయి, మొత్తం సిస్టమ్ మార్చాలని ఎవరైనా కొటేషన్ ఇస్తే ఒప్పుకోవద్దని మీ కేర్‌టేకర్‌కి చెప్పు. ఇంకోటి తల్లీ, ఆ రాడ్డు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకాకే నీళ్లలో చెయ్యి పెట్టాలని మీ పిల్లలందరికీ చెప్పు. స్విచ్ ఒక్కటి ఆపితే చాలదు, వైరింగ్ తిరగబడి ఉన్నచోట స్విచ్ ఆపినా ప్రాణం తీసేంత కరెంటు ఉంటది.

రూమ్ 214:
అక్కా నీ మెసేజ్ చదివినాక నిన్న సాయంత్రం మా ఫ్లోర్‌లో ఒక్కో రూముకు పోయి తిట్టకుండా ఊరికే అడిగినా, క్లాసుకు పోయేటప్పుడు ఫ్యాన్ ఎందుకు ఆపరు అని. నేను బద్ధకం అని చెప్తారనుకుంటే చాలామంది చెప్పింది బట్టలు! ఉతికిన బట్టలు రూములో దండెం కట్టి ఆరేసి ఫ్యాన్ కింద వదిలేసి పోతారు, సాయంత్రానికి ఆరిపోతాయని. మేడకు తాళం వేసి ఉంటారు, కింద తీగల మీద ఆరేస్తే కోతులు లాక్కుపోతాయి.

ఇంకో కారణం, పొద్దున పూట కరెంట్ పోతుంది, వీళ్లు అట్లే స్విచ్ ఆన్‌లో ఉన్నట్టు కూడా తెలీక తాళమేసి పోతారు, తర్వాత కరెంట్ వచ్చి సాయంత్రం దాకా తిరుగుతానే ఉంటాయి. ఇంకొందరి రూముల్లో స్విచ్ బోర్డు బీరువా వెనకాల ఉంది, చెయ్యి దూర్చి తడుముకోవాల, వాళ్లు సెమిస్టర్ మొదట్లో వేసిన ఫ్యాన్ మళ్లీ ఆపిందే లేదంట. ఇవన్నీ ఏ పోస్టర్‌తో మారతాయి చెప్పండి.

కెపాసిటర్:
ఈఈఈ ఫైనలియర్ ఇక్కడ. సూపర్ బ్రో, ఇదే నిజమైన ఆడిట్. లెక్క నేను వేస్తాను. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు అనుకో, ఖాళీ రూములో 6 గంటలు తిరిగితే 0.45 యూనిట్. వంద రూములు, రూముకు రెండు ఫ్యాన్లు అనుకుంటే రోజుకు 90 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా రోజుకు 720, నెలలో 25 రోజులు క్లాసులుంటే 18,000 రూపాయలు. ఇది ఎవరికీ గాలి తగలకుండా పోయే డబ్బు. మేడ తాళం తీయించి, పైన మెష్ వేయించి దండేలు కట్టిస్తే దీంట్లో పెద్ద ముక్క తగ్గుతుంది.

ఆ పాత డబ్బా రెగ్యులేటర్లు, గోడకి నల్లగా పెద్దగా ఉంటాయి చూడు, వేడెక్కుతుంటాయి, అవి ఉంటే మార్చేయమను. వాటిల్లో స్పీడు తగ్గించినా కరెంట్ పెద్దగా తగ్గదు, ఫ్యాన్‌కి పోవాల్సింది ఆ డబ్బాలో వేడిగా పోతుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ అయితే స్పీడు తగ్గిస్తే కరెంట్ కూడా తగ్గుతుంది. స్పీడు 3లో పెట్టుకోండి ఆదా అవుతుంది అని పోస్టర్ వేస్తారు కదా, రెగ్యులేటర్ ఏదో చూడకుండా ఆ మాట చెప్పి లాభం లేదు.

ఫ్యాన్లే మార్చే అవకాశం ఉంటే బీఎల్‌డీసీ రకం మోటర్ ఉన్నవి మేలు, 30 వాట్ల చుట్టూ తీసుకుంటాయి. రోజుకు 15 గంటలు, ఏడాదికి 300 రోజులు వేసుకుంటే ఒక్కో ఫ్యాన్‌కి 200 యూనిట్లు మిగులుతాయి, అంటే 1600 రూపాయలు, ఫ్యాన్ ధర రెండేళ్ల లోపే తిరిగొచ్చేస్తుంది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి కూడా, టెండర్‌లో 5 స్టార్ అని రాయిస్తే చాలు. కాకపోతే రిమోట్లు పిల్లలు పోగొడతారు, గోడ స్విచ్‌తో కూడా స్పీడు మారే మోడల్ అడగండి.

అన్నట్టు ఫోన్ ఛార్జర్ సాకెట్లోంచి తీసేయండి అనే ప్రచారం మీద టైం వేస్ట్ చేయొద్దు ప్లీజ్. ఫోన్ లేకుండా ఖాళీగా ఉన్న ఛార్జర్ అర వాట్ కూడా తీసుకోదు. జనం ఛార్జర్ తీసేసి ఏదో సాధించామనుకుని రాడ్డు మర్చిపోతారు. పెద్దవి పట్టుకోండి.

ఓరుగల్లు పోరడు:
మస్తు చెప్పినవ్ అన్నా. కారిడార్ బోర్డుల సంగతి గూడ చెప్పాలె. మా బ్లాక్‌ల మెట్ల దగ్గర ఒక బోర్డుకి ఎనిమిది స్విచ్‌లుంటయి, ఏది దేనికో ఎవ్వనికి తెల్వదు. ఒక్క లైట్ బంద్ చేద్దామని నొక్కితే పై ఫ్లోర్ చీకటైతది, మీదికెళ్లి అరుస్తరు. అందుకే ఎవ్వరు ముట్టుకోరు. మేం ఒక ఆదివారం నాడు ఇద్దరం నిలబడి ఒక్కొక్కటి నొక్కుకుంట, అరుచుకుంట, తెల్లటి టేపు మీద మార్కర్‌తోని పేర్లు రాసి అంటించినం. ఎడమ కారిడార్, బాత్రూమ్, మెట్లు అని. గంతే. తెల్లారి నుంచి ఎవడో ఒకడు బంద్ చేస్తనే ఉన్నడు, ఎవ్వరం చెప్పలే.

సాగరతీరం గర్ల్స్ హాస్టల్:
ఇది మేం రేపే చేస్తాం. కానీ మా దగ్గర కారిడార్, బాత్రూమ్ దారుల్లో రాత్రిపూట లైట్లు మాత్రం ఆపనివ్వం అండి, అది ముందే చెప్తున్నా. చీకటి దారి పెట్టి ఆదా చేయమంటే ఒప్పుకోం. అక్కడ ఎల్‌ఈడీలు వేసి సాయంత్రం వెలిగి తెల్లారి ఆరిపోయే సెన్సార్ పెట్టించాలి.

అమీర్‌పేట పీజీ:
నేను స్టూడెంట్‌ని కాదు, కోచింగ్‌కి వచ్చే పిల్లలకి పీజీ హాస్టల్ నడుపుతాను. నా అనుభవం చెప్తా. ఏసీ రూములకి మొదట్లో నెలకి ఇంత అని కలిపి తీసుకునేవాళ్లం, ఏసీ వేసుకుని రగ్గు కప్పుకుని పడుకునేవాళ్లు, బయటికి పోయినా ఆపేవాళ్లు కాదు. తర్వాత రూముకో సబ్‌మీటర్ పెట్టి ఏసీ కరెంటు మీరే యూనిట్ లెక్కన కట్టుకోండి అన్నాం. ఆ నెల నుంచే తేడా కనపడింది. పిల్లలే ఫోన్‌లో మీటర్ ఫోటో తీసుకుంటారు, పది గంటలకి ఏసీ వేసి రెండింటికి ఆపేసి ఫ్యాన్‌కి మారేలా టైమర్ పెట్టుకుంటారు. నేను ఒక్క మాట చెప్పలేదు. మీ హాస్టల్లో ఎంత వాడినా అదే ఫీజు, ఎంత ఆపినా అదే ఫీజు, ఇంక ఎందుకు ఆపుతాడు తమ్ముడూ?

రూమ్ 214:
అన్నా మా దగ్గర రూముకో మీటర్ అంటే కుదరదు, డబ్బు లేదు, పైగా ఇద్దరు ముగ్గురు ఉండే రూములో ఎవడు ఎంత కట్టాలని మళ్లీ తగువు. పేద పిల్లోడు ఎండాకాలం ఫ్యాన్ వేసుకోవడానికి కూడా లెక్క చూసుకునే పరిస్థితి రాకూడదు. మా ఊళ్లో మే నెల రాత్రులు ఎట్లుంటాయో మీకు తెలుసు కదా.

అమీర్‌పేట పీజీ:
ఆ మాట నిజమే తమ్ముడూ, నేను కూడా ఫ్యాన్లకి, లైట్లకి మీటర్ పెట్టలేదు, ఏసీకి మాత్రమే.

ఒహాయో తెలుగమ్మాయి:
రూముకు కాకుండా ఫ్లోర్‌కి ఒక మీటర్ పెట్టొచ్చు కదా? ఇక్కడ ఒహాయోలో ఓబర్లిన్ కాలేజ్ అని ఉంది, 2005లో వాళ్లు హాస్టళ్ల మధ్య రెండు వారాలు కరెంట్, నీళ్ల పొదుపు పోటీ పెట్టి దాని మీద పేపర్ కూడా రాశారు. కరెంట్ మొత్తం మీద 32 శాతం తగ్గింది. కొన్ని హాస్టళ్లలో రీడింగ్ ఎప్పటికప్పుడు లాబీలో, వెబ్‌లో కనిపించేది, మిగతావాటికి వారానికోసారి మాత్రమే చెప్పేవాళ్లు. ఎప్పటికప్పుడు కనిపించిన చోట 55 శాతం, వారానికోసారి చెప్పినచోట 31 శాతం తగ్గింది. నీళ్లు మాత్రం 3 శాతమే తగ్గాయి. అక్కడ పిల్లలు కూడా కరెంట్ బిల్లు విడిగా కట్టరు, ఫీజులోనే కలిసి ఉంటుంది, అంటే జేబులోంచి డబ్బు పోకపోయినా కంటికి కనిపిస్తే చాలు మనుషులు మారతారన్నమాట.

కానీ రెండు వారాల పోటీ అని కూడా గుర్తుపెట్టుకోండి. పోటీ కోసం బల్బులు పీకేసి చీకట్లో కూర్చుని గెలిస్తే అది అలవాటు కాదు. మీరు చేస్తే సెమిస్టర్ మొత్తం నడిచేలా పెట్టుకోండి, గెలుపు ఓటములు కాకుండా ప్రతి ఫ్లోర్ తన పోయిన నెలతో తానే పోల్చుకునేలా పెట్టండి, ఎందుకంటే పై ఫ్లోర్‌కి ఎండ వేడి ఎక్కువ, కింద ఫ్లోర్‌తో పోలిస్తే అన్యాయం.

మనసు చదువు:
సైకాలజీ ఎంఏ చేస్తున్నాను, ఒహాయో అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతాను, ఇది చాలా ముఖ్యం. 2007లో షుల్ట్జ్, ఆయన తోటివాళ్లు కాలిఫోర్నియాలో సుమారు 290 ఇళ్ల మీద చేసిన స్టడీ ఉంది. ఒక్కో ఇంటికి మీరు ఇంత వాడారు, మీ చుట్టుపక్కల సగటు ఇంత అని కాగితం ఇచ్చారు. ఎక్కువ వాడేవాళ్లు తగ్గించారు, బానే ఉంది, కానీ తక్కువ వాడేవాళ్లు పెంచేశారు! మనమొక్కళ్లమే ఎందుకు కష్టపడాలి అనుకున్నారు. అదే కాగితం మీద తక్కువ వాడినవాళ్లకి ఒక నవ్వు ముఖం బొమ్మ గీసి ఇస్తే ఆ పెరగడం ఆగిపోయింది. కాబట్టి బోర్డు మీద ఉత్త అంకెలు రాసి వదిలేయొద్దు, బాగా చేసిన ఫ్లోర్‌కి బాగా చేశారు అని నోటితో చెప్పండి.

ఇంకో తప్పు అందరూ చేస్తారు. "ఎవ్వరూ ఫ్యాన్లు ఆపడం లేదు" అని పోస్టర్ వేస్తే చదివేవాడికి అర్థమయ్యేది ఏంటి? అందరూ ఇంతే, నేను కూడా ఇంతే అని. ఆపేవాళ్లు ఉన్నారు కదా, వాళ్ల గురించి రాయండి.

ల్యాబ్ రాత్రులు:
హాస్టల్ దాటి ల్యాబుల సంగతి కూడా ఎవరైనా చూడాలి. హైదరాబాద్‌లో లైఫ్ సైన్సెస్ పీహెచ్‌డీ చేస్తున్నా. మా మైనస్ 80 డీప్ ఫ్రీజర్లలో పాతవి ఒక్కోటి రోజుకు 15 నుంచి 20 యూనిట్ల దాకా తాగేస్తాయి, అది ఒక ఇంటి వాడకం కన్నా ఎక్కువ. చాలా శాంపిల్స్‌కి మైనస్ 70 సరిపోతుంది, ఆ పది డిగ్రీలు మారిస్తే దాదాపు 30 శాతం కరెంట్ తగ్గుతుందని చాలా ల్యాబులు చేసి చూపించాయి. లోపల మంచు గీకడం, ఎప్పుడో వెళ్లిపోయిన సీనియర్ల డబ్బాలు లేబుల్ చూసి పారేయడం, ఇవి స్కాలర్లు చేయగల పనులు. గైడ్‌ని ఒప్పించే ముందు ఏ శాంపిల్ ఎక్కడుందో లిస్టు రాసుకెళ్లండి, లిస్టు లేకుండా అడిగితే వద్దనే అంటారు, వాళ్ల భయం వాళ్లది.

కంప్యూటర్ ల్యాబుల్లో అయితే రాత్రంతా సిస్టమ్స్ ఆన్‌లో ఉంటాయి, స్లీప్ సెట్టింగ్ సెంట్రల్‌గా పెట్టడం సిస్టమ్ అడ్మిన్‌కి అరగంట పని. ఇంకోటి, సీఎస్‌ఐఆర్ అని కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది కదా, వాళ్లు 2024లో సోమవారం ఇస్త్రీ చేయని బట్టలతో రండి అని తమ ల్యాబుల్లో మొదలుపెట్టారు. హాస్టళ్లలో ఇస్త్రీ పెట్టెలు ఎంత వాడతారో మనకు తెలుసు కదా, వారానికో రోజు అలా పెట్టుకుంటే ఆదా కొంచెమే అయినా అందరూ కలిసి కనిపించేలా చేసే పని కాబట్టి మాటల్లోకి వస్తుంది.

నిలదీద్దాం:
చదువుతూ వస్తున్నాను, చాలా విషయాలు తెలిశాయి. కానీ నా ప్రశ్నకు జవాబు రాలేదు. పిల్లలు ఆదా చేసిన ఆ 18,000 ఎక్కడికి పోతుంది? యూనివర్సిటీ ఖాతాలో కలిసిపోతే వచ్చే సెమిస్టర్‌కి ఎవడూ ఆపడు.

వార్డెన్ మేడమ్:
నేను ఒక యూనివర్సిటీలో అసోసియేట్ ప్రొఫెసర్‌ని, గర్ల్స్ హాస్టల్ వార్డెన్‌గా కూడా ఉన్నాను. ఆ ప్రశ్న సరైనదే బాబూ, ఇక్కడి పిల్లలందరికీ ఇది తెలియాలి. బిల్లులో మిగిలిన డబ్బుని విద్యార్థుల చేతికి ఇవ్వడం చాలా యూనివర్సిటీల్లో కుదరదు, ఆడిట్ ఒప్పుకోదు. కానీ మిగిలిన దాంట్లో ఇంత భాగాన్ని అదే హాస్టల్ మెయింటెనెన్స్ పనులకి వాడాలని హాస్టల్ కమిటీ తీర్మానం చేసి, రిజిస్ట్రార్ ఆమోదం తీసుకోవచ్చు. ఆ తీర్మానంలో పని పేరు రాయండి. సోలార్ హీటర్ రిపేరు, మేడ మీద దండేలు, రీడింగ్ రూముకి ఫ్యాన్లు, ఇలా. "విద్యార్థి సంక్షేమం" అని రాస్తే అది ఎక్కడికి పోతుందో చెప్పలేం.

ఇంకొకటి, పై అధికారి దగ్గరికి వెళ్లేటప్పుడు కంప్లైంట్‌లా వెళ్లకండి. ఏసీల గురించి కూడా అడగండి, తప్పకుండా అడగండి, కానీ మీ ఫ్లోర్ రీడింగులు మూడు నెలలవి చేతిలో పట్టుకుని వెళ్లి, మేం ఇంత తగ్గించాం, ఆఫీసు బ్లాకులో కూడా ఇదే బోర్డు పెట్టండి అంటే ఎవరూ కాదనలేరు. సర్క్యులర్లు నేను కూడా చాలా అంటించాను, వాటిని చదివేది తక్కువ. ఫ్లోర్ రెప్‌గా ఉన్న అమ్మాయి రాత్రి భోజనం దగ్గర చెప్పిన మాటే అందరూ వింటారు.

కెపాసిటర్:
మేడమ్ థాంక్యూ, తీర్మానంలో పని పేరు రాయాలి అన్నది మాకు కూడా పనికొస్తుంది. ఆ పనుల్లో మేడకి వైట్ పెయింట్ కూడా కలపండి. పై ఫ్లోర్ వాళ్లకి రాత్రి ఒంటిగంటకి కూడా స్లాబ్ వేడి దిగుతూనే ఉంటుంది, ఫ్యాన్ వేస్తే ఆ వేడిగాలే కిందికి కొడుతుంది. మన పెద్దవాళ్లు మిద్దెల మీద సున్నం కొట్టించేవాళ్లు కదా, తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇదే పద్ధతి మీద. ఎన్‌ఎస్‌ఎస్ వాళ్లు ఒక వీకెండ్‌లో కొట్టేస్తారు.

రూమ్ 214:
అందరికీ చాలా థాంక్స్. రాత్రి కమిటీలో కూర్చుని మాట్లాడుకున్నాం. పోస్టర్లు ఇంక వేయట్లేదు. మొదట మేడ తాళం, దండేలు, స్విచ్‌లకి పేర్లు, బీరువాలు జరపడం, ఇవి ఈ వారంలో చేస్తాం, డబ్బు కూడా అక్కర్లేదు. పంపు ఆపరేటర్ అన్నతో మాట్లాడినా, రాత్రిపూట నింపడానికి ఒప్పుకున్నాడు, కాకపోతే ట్యాంకు నిండినాక ఆగే ఫ్లోట్ స్విచ్ పెట్టించమన్నాడు, లేకపోతే తాను నిద్రపోతే పొర్లుతుందని, అది న్యాయమే కదా.

మాకు మూడు ఫ్లోర్లు, ఒక్కో ఫ్లోర్‌కి విడిగా డీబీ (కరెంట్ పంచే బోర్డు) ఉంది, మా ఎలక్ట్రీషియన్ అన్న మీటర్లు బిగించొచ్చు అన్నాడు. మెస్ గేటు పక్కన నల్లబోర్డు మీద ఆదివారం ఆదివారం రీడింగ్ రాస్తాం, ప్రతి ఫ్లోర్ పోయిన నెలతో పోల్చి. ఇంకో బోర్డు కాదు, మెనూ రాసే బోర్డు మీదే, ఏంటికంటే అందరూ చూసేది అదే. ఓరుగల్లు అన్న అన్నట్టు ఫైన్ అసలు లేదు. తీర్మానంలో సోలార్ రిపేరు అని రాస్తాం.

బాబాయ్ ఒక్క డౌటు, మీటర్లు కొనేటప్పుడు ఏమన్నా చూసుకోవాలా? రీడింగ్ మేమే తీసుకోవచ్చా?

లైన్‌మ్యాన్ బాబాయ్:
రీడింగ్ మీరే తీసుకోండి నాయనా, కానీ ప్యానెల్ తలుపు మీరు తెరవొద్దు, మీటరు బయటికి కనపడేలా అద్దం ఉన్న డబ్బాలో పెట్టించు. పని చేసేటప్పుడు ఆ ఫ్లోర్ మెయిన్ ఆపించి చేయమను, నడుస్తుండగా చేసేస్తా అంటే ఒప్పుకోకు, ఎంత తెలిసినవాడైనా సరే. ఫ్లోర్ లోడు చూసుకుని త్రీఫేజ్ మీటరు తీసుకోండి. లోడు ఎక్కువై సీటీలు (పెద్ద కరెంటుని తగ్గించి మీటరుకిచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు) పెట్టాల్సి వస్తే మాత్రం ఒకటి గుర్తుంచుకో, కొన్ని మీటర్లలో కనపడే అంకె అసలు యూనిట్లు కాదు, దాన్ని సీటీ రేషియోతో గుణించాలి. 100 బై 5 సీటీ అయితే 20తో. ఆ గుణకం ఎంతో మీటరు డబ్బా మీదే పెయింటుతో రాయించు, లేకపోతే వచ్చే ఏడు నీ తర్వాత వచ్చే కుర్రాడికి తెలీదు. మొదటి నెల ఏమీ మార్చకుండా ఊరికే రాసుకోండి, ఆ లెక్క లేకుండా తర్వాత ఎంత తగ్గిందో ఎవరికీ చూపించలేరు. దండేలు, స్విచ్‌ల పేర్లు ఈ వారమే అన్నావు కదా, మీటర్లు ఎక్కి ఒక నెల రీడింగ్ వచ్చేదాకా వాటిని ఆపు. రాడ్ల దగ్గర జాగ్రత్త, సోలారు బాగుచేయడం మాత్రం ఆపొద్దు.

రూమ్ 214:
సరే బాబాయ్, అట్లయితే మీటర్లే ముందు. సోమవారం ఎలక్ట్రీషియన్ అన్నను తీసుకుని వార్డెన్ సార్ కాడికి పోతాను, రీడింగ్ మొదలైనాక ఇక్కడ పెడతా.